కృకాటికతో గెలిచిన సీటు

హయత్‌నగర్ నుంచి ఇబ్రహీంపట్నం వచ్చే బస్సులో నేనూ నా స్నేహితురాలూ ఒక ఆట ఆడేవాళ్లం. ఒకరు ఫోన్‌లో నిఘంటువు తెరిచి, ఓ వింత పదానికి అసలు అర్థం, దాని పక్కనే ఒక దొంగ అర్థం చెప్పాలి. దొంగదాన్ని నమ్మినవాళ్లు లేచి, నిలబడ్డవాళ్లకు సీటివ్వాలి.

ఆ రోజు నా పదం కృకాటిక. అంటే మెడ వెనుక భాగం. దొంగ అర్థంగా నేనో పిట్టను కల్పించాను. మక్కకంకుల సంచితో పక్కనే నిలబడ్డ ఒక పెద్దామె మా ఆటంతా వింటోంది.

"రెండూ కాదు బిడ్డా. ఈనిన బర్రెకు దిష్టి తగల్కుంట నల్లతాడు కడ్తం సూడు, గదే కృకాటిక. మా అత్త రోజూ అంటుండె" అంది. ఎక్కడ కడతారో చూపిస్తూ తన మెడ వెనుక చెయ్యేసుకుంది. చెయ్యి సరిగ్గా అసలు అర్థం మీదే పడింది. నేను నవ్వాపుకున్నాను.

నా స్నేహితురాలు తాడునే నమ్మింది. ఫోన్ చూపించగానే పాపం లేచింది. ఆ సీట్లో పెద్దామె కూర్చుంది.

"మీ అత్త నిజంగనే గట్ల అంటుండెనా, పెద్దమ్మా?" అని అడిగాను.

"మాకు బర్రెలే లేవు బిడ్డా. మోకాళ్లు గుంజుతున్నయ్" అంటూ నా చేతిలో ఓ కంకి పెట్టింది.

ఇప్పటికీ నల్లతాడు కట్టిన బర్రె కనిపిస్తే మేమిద్దరం ఒక్కసారే "కృకాటిక" అంటాం. అసలు అర్థానికి మాత్రం నిఘంటువు తెరవాల్సిందే.