జానీకి గుండు కొట్టించిన వేసవి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదని నేనొక్కడినే కాదు, మదనపల్లెలో మా హేతువాద చర్చావేదిక మిత్రులు పదిమందీ నమ్మేవాళ్లు (పదకొండో మనిషి దొరకలేదు). తొంభైల చివర్లో పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పడానికి చేరి, ఒక మిద్దె ముందుగదిలో అద్దెకు దిగాను. దిష్టి, గాలి, శకునం అన్న మాట ఎవరి నోట వినబడినా "రుజువేది?" అంటూ మీదపడేవాణ్ణి. నా మొదటి ప్రత్యర్థి ఇంటాయన తల్లి. అవ్వా అని పిలిచేవాణ్ణి. ఆమె ప్రాణమంతా జానీ మీదే. అప్పట్లో వీధికొకటి కనిపించే తెల్ల పమేరియన్ కుక్క అది. దూది ఏకి ఒళ్లంతా అతికించినట్టుండేది.

ఎండలు ముదిరాక ఇంటాయన భార్యతో కుప్పంలో కూతురింటికి బయలుదేరుతూ, "సారూ, మీరు సదువుకున్నోళ్లు. మాయమ్మ పెద్దదైపొయింది. జానీని మీరే సూసుకోవాల" అన్నాడు. అంతే, నాకు అధికారం వచ్చేసింది. అవ్వ రోజూ తడిపిన గోనెపట్టా నీళ్ల కడవల పక్కన పరిచి జానీని పడుకోబెట్టేది, గంటకోసారి దాని కాళ్లు తడిపేది. ఎందుకవ్వా అంటే, "ఎండగాలి దెయ్యం కాళ్లల్లోనుంచే బయటికి పోతాదప్పా. యాల నవ్వతాండావు?" అనేది. నేను నవ్వడంతో ఆగలేదు. దెయ్యం లేదు కనక గోనెపట్టా కూడా అక్కర్లేదని తీర్మానించి, దాన్ని తీసి దండెం మీద ఆరేశాను. జానీ ఎండకు అల్లాడడానికి అసలు కారణం బొచ్చు కదా! ఎండాకాలం స్వెట్టరు తొడుక్కుని ఎవరైనా తిరుగుతారా?

జానీని చంకనెత్తుకుని వెళితే, సెలూన్ ఆయన మిషను చేతపట్టుకుని అడిగాడు.

"ఏ దేవునికి సార్, మొక్కు?"

"దేవుడు లేడు. నువ్వు తీసెయ్."

"దేవుడు లేకుండా గుండు యాలప్పా?"

మా చర్చావేదికలో ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు; జానీని నేనే గట్టిగా పట్టుకుని ఒళ్లంతా గొరిగించాను. తిరిగొస్తుంటే ఆకుకూరలామె గంప దించి, "తిరపతికి పొయ్యొచ్చినారా సామీ?" అని దండం పెట్టింది (నాకో, జానీకో తేలలేదు). మూఢనమ్మకాల మీద నిప్పులు చెరిగే నేను, కుక్కకు తలనీలాలు ఇప్పించిన భక్తుడిగా ఊళ్లో స్థిరపడిపోయాను.

మర్నాడు గాలి బాగా తగులుతుందని జానీని వాకిట్లో నీడన కట్టేసి ట్యూషనుకు వెళ్లాను. నీడ జరిగిపోతుందన్న సంగతి సైన్సు మాస్టరుకు తట్టలేదు. మధ్యాహ్నం వచ్చేసరికి దాని గులాబీరంగు చర్మం కందిపోయి ఉంది. నాలుక వేలాడేసి, కొలిమితిత్తిలా ఎగశ్వాస తీస్తూ, లేవబోయి పడిపోయింది. లోపల కునుకు తీసి లేచొచ్చిన అవ్వ, "సంపేస్తివి కదప్పా నా బిడ్డను!" అని కూలబడింది.

తడిగుడ్డ చుట్టి ఆటోలో పశువుల ఆస్పత్రికి పరిగెత్తాను. డాక్టరు దాన్ని ఫ్యాను కింద పెట్టించి, పొట్టకూ కాళ్లకూ నీళ్లు రాయిస్తూనే నన్ను కడిగేశాడు. "ఆ బొచ్చే కదయ్యా ఎండను ఒంటికి తగలనియ్యకుండా కాసేది! ఇంటికి పోయినాక నీడలో తడిపట్టా మీద పండేయ్. కాళ్లు తడపతా ఉండు."

"మరి దెయ్యం?" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

"ఏ దెయ్యం?" అన్నాడాయన, నన్ను కూడా ఫ్యాను కింద కూర్చోబెట్టాలా అన్నట్టు చూస్తూ.

దారి పొడుగునా నా బుర్ర తిరుగుతూనే ఉంది. అవ్వ చెప్పిన కారణం తప్పు, చేసిన పని ఒప్పు. దెయ్యం లేదన్న నా సిద్ధాంతం ఒప్పు, చేసిన పని ఘోరం. అలాంటప్పుడు వాదనలో గెలిచిందెవరు? ఇంటికి రాగానే దండెం మీది పట్టా నేనే తీసి తడిపి పరిచాను. చీకటి పడకముందే జానీ తలెత్తి రెండు గుక్కల నీళ్లు తాగింది. అవ్వ గబగబా లోపలికెళ్లి నల్లదారం పట్టుకొచ్చింది.

"కొంచెం పట్టుకో అప్పా, మెడకు కడతా."

ఉపన్యాసమంతా నాలుక చివరిదాకా వచ్చింది. జానీ నా అరచేతిలో గడ్డం ఆనించింది. రెండు చేతులా పట్టుకున్నాను.

ఆ దారం జానీని బతికించలేదని నేటికీ ఏ వేదిక మీదైనా వాదిస్తాను, ఒక్క మాట తగ్గించను. అయితే ఆ సాయంత్రం, ముడి గట్టిగా పడిందా లేదా అని ఒకటికి రెండుసార్లు లాగి చూసింది మాత్రం అవ్వ కాదు.