నాయినతో కృష్ణ కొసకు

మా దిక్కు మనుషులకు విహారయాత్ర అంటే ఒకటే: ప్రాజెక్టు గేట్లు ఎత్తినప్పుడు పోయి చూడటం. జూరాల గేట్లు లేపారని తెలిస్తే చాలు, ఆటోలూ జీపులూ నిండిపోతాయి. పులిహోర డబ్బాలు కట్టుకొని పోయి, తెల్లగా దూకే నీళ్ళ ముందు నిలబడి, మొహం మీద తుంపర పడుతుంటే చిన్నపిల్లల్లా అరిచి వస్తాం. ఎండాకాలమంతా ఖాళీ బిందెలు వరుసలో పెట్టినవాళ్ళకు అంతకన్నా పెద్ద వేడుక లేదు. అందుకే దివిసీమకు పోవాలనుకున్నప్పుడు కూడా నేను వేరే ఆలోచన చేయలేదు. శ్రీశైలం గేట్లు ఎత్తినంక పోదాం, అప్పుడే కృష్ణ నిండుగా ఉంటుంది అనుకున్నాను.

దివిసీమ నాకు మా కొల్లాపూర్ గ్రంథాలయంలో దొరికింది. పదో తరగతి తప్పాక బడి మొహం చూడలేదు నేను. కుట్టుమిషను మీద బతుకుతూ, పొద్దున దుకాణం తీసే ముందు గంటసేపు గ్రంథాలయంలో కూర్చొని చదువుకున్నాను. భూగోళం అరలో నేను తెరవని పుస్తకం లేదని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఒకరోజు పెద్ద పటంలో కృష్ణను వేలితో వెంబడిస్తూ పోయాను. మా సోమశిల, శ్రీశైలం, సాగర్, బెజవాడ. ఆ తర్వాత పులిగడ్డ దగ్గర నది రెండు పాయలైంది. ఆ రెంటికీ సముద్రానికీ నడుమ ఒక దీవి. నది మోసుకొచ్చిన ఒండ్రుతో ఈ నేల ఏర్పడింది అని పక్కన రాసి ఉంది.

వేలు అక్కడే ఆగిపోయింది. ఎన్ని వానలకు, ఎన్ని వేల ఏళ్ళుగా మా చెలకల్లోంచి కొట్టుకుపోయిన ఎర్రమట్టి అది! పోయిందనుకున్న మట్టి పోలేదు. మూడు వందల మైళ్ళ దాకా నడిచిపోయి అక్కడ ఊళ్ళై, వరిపొలాలై కూర్చుంది. ఆ రోజు దుకాణం తీయడం ఆలస్యమైంది.

ఇంటికొచ్చి నాయినకు చెప్పాను. నాయిన సోమశిల రేవులో నలభై ఏళ్ళు పుట్టి నడిపినవాడు. వెదురుతో అల్లిన ఆ గుండ్రటి పడవలో ఎన్ని పెళ్ళిబృందాలను, ఎన్ని మేకల మందలను అవతలి ఒడ్డుకు చేర్చాడో లెక్కలేదు.

"మన మట్టే పోయి ఆడ దీవి అయ్యిందట నాయినా."

"అట్లయితె అది మన పట్టా భూమే గదరా. ఒక్కసారి పోయి చూసి రావాలె."

వంటింట్లోంచి నా భార్య అందుకుంది. "పాస్‌బుక్ గూడ పట్టుకపో మామా. నీ కొడుకు గ్రంథాలయం బుక్కు చూపిస్తడు, నువ్వు పట్టా బుక్కు చూపియ్యి."

నవ్వుకున్నాం. కానీ నాయిన మాట ఉత్త మాట కాదని నాకు తెలుసు. అప్పటికే ఆయన ఎడమ కన్ను పోయింది. నీటికాసుల జబ్బు. కుడి కంటికి నడిమధ్యన మాత్రమే చూపు మిగిలింది, గొట్టంలోంచి చూసినట్టు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో తాను చెప్పలేనని పాలమూరు కంటి డాక్టరు అన్నాడు. బతుకంతా తనను మోసిన ఏరు ఎక్కడ ముగుస్తుందో, చూపు ఉండగానే ఒక్కసారి చూడాలని నాయిన కోరిక.

నోటు పుస్తకంలో మూడు రోజుల యాత్ర రాశాను. కల్వకుర్తి, దేవరకొండ, మిర్యాలగూడ మీదుగా బెజవాడ, అక్కడి నుంచి అవనిగడ్డ. రెండో రోజు నాగాయలంకలో పడవెక్కి మడ అడవులు. మూడో రోజు హంసలదీవి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు. శ్రావణంలో గేట్లు ఎత్తారని వినగానే అవనిగడ్డలో ఒక లాడ్జికి ఫోన్ చేశాను. నాయిన కూడా వినాలని స్పీకర్ పెట్టాను.

"గేట్లు ఎత్తారు కదండీ, ఎల్లుండి వద్దామనుకుంటున్నాం," అన్నాను.

"ఎక్కడి నుంచండీ?" అన్నాడు లాడ్జి యజమాని.

"కొల్లాపూర్. శ్రీశైలానికి పైన, కృష్ణ ఒడ్డు."

"అయితే మా మీదికి నీళ్ళు పంపేది మీరేనన్నమాట!" అని నవ్వి, వెంటనే గొంతు తగ్గించాడు. "బాబూ, గేట్లెత్తితే మీకు తిరనాళ్ళేమో గానీ మాకు ఏటి నడుమ లంక ఊళ్ళు మునుగుతాయండి. పొద్దుట్నుంచీ మా లాడ్జి నిండా లంకల్లోంచి వచ్చిన చుట్టాలే. గొడ్లన్నీ కరకట్ట మీదున్నాయి. పడవలు ఆపేశారు. ఇప్పుడొచ్చి ఏం చూస్తారు? కార్తీకం వెళ్ళాక రండి."

నాకు మొహం చెల్లలేదు. ఒండ్రు గురించి అంత చదివాను గానీ, ఆ ఒండ్రు వరదతోనే వస్తుందని, ఎవరింట్లోంచో పారుతూ వస్తుందని నాకెందుకు తట్టలేదు? మేము చప్పట్లు కొట్టిన నీళ్ళు కొన్ని రోజులకు వాళ్ళ గడపలు దాటుతాయి.

నా భార్య ఈసారి వెక్కిరించలేదు. "కార్తీకం దాటేదాకనా?" అంది. "మరి మామ కన్ను?"

నాయినే అన్నాడు. "వాళ్ళు గిన్నెలు మోసుకుంట కట్ట ఎక్కుతుంటె, మనం పులిహోర తినుకుంట చూద్దమా? ఆగుదాం." ఫోన్ వైపు వంగాడు. "అయ్యా, మా రేవుల ఈ పొద్దు మూడు మెట్లు మునిగినయి. ఇంక ఎక్కుతనే ఉంది. జర పైలం. రేపు మల్ల చెప్తా."

నిజంగానే చెప్పాడు. రోజూ పొద్దున నా చేయి పట్టుకొని రేవుకు పోయేవాడు. కంటిని నమ్మకుండా, మెట్టు మెట్టుకూ కాలు దింపి లెక్కపెట్టేవాడు. నేను పత్రికలో చూసి క్యూసెక్కులు చెబితే లాడ్జి ఆయన, "అవి టీవీలో వస్తాయండీ, పెద్దాయనకివ్వండి," అనేవాడు. నాలుగు మెట్లు, ఆరు మెట్లు, మళ్ళీ అయిదు. రెండు మెట్లు మునిగి ఉన్న రోజున అటు నుంచి, "మావాళ్ళు ఇళ్ళకెళ్ళిపోయారు పెద్దాయనా," అని వినిపించింది. నాయిన రేవులోనే నీళ్ళకు దండం పెట్టాడు.

చూపు మాత్రం మాకోసం ఆగలేదు, తగ్గుతూనే పోయింది. నా భార్య వేళ తప్పకుండా చుక్కలు వేసేది. అయినా దీపావళికి గ్లాసులో పోయబోయిన నీళ్ళు పక్కన పడ్డాయి. "గ్లాసు జరిపింది ఎవరు?" అని నాయిన కోప్పడ్డాడు. నా భార్య గ్లాసు నింపి ఆయన చేతిలో పెట్టింది.

మార్గశిరంలో ముగ్గురం బయలుదేరాం. లాడ్జి ఆయన బస్టాండుకే వచ్చి నాయిన చేయి పట్టుకున్నాడు. నాగాయలంకలో పడవలో పోతుంటే నాయిన నీళ్ళలో చేయి పెట్టి ఉలిక్కిపడ్డాడు. సముద్రం పోటు మీదుంది, ఏరు వెనక్కి పారుతోంది.

"గిది నీ బుక్కులల్ల ఉందారా?"

"ఉంది నాయినా."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే నమ్ముతుంటివా?"

"నమ్మకపోతుంటి," అని చేయి నీళ్ళలోనే ఉంచుకున్నాడు, దారి పొడుగునా.

మర్నాడు హంసలదీవి. తడి ఇసుకలో చాలా దూరం నడిచాం. నేను ఎన్ని పటాలు చూశానో! ఒక్క పటమూ దీనికి పనికిరాలేదు. కాగితం మీద నీలిరంగు అంచు దగ్గర ఆగుతుంది. ఇక్కడ ఆగలేదు. మా కృష్ణ, నేను మహా ఏరు అనుకున్న కృష్ణ, చప్పుడు లేకుండా సముద్రంలోకి పోతోంది.

నాయిన చెప్పులు విడిచి మోకాలి లోతుకు దిగాడు. తల ఎడమకు తిప్పాడు. కుడికి తిప్పాడు. మళ్ళీ ఎడమకు. ఏదో వెతుకుతున్నాడు. ఒక చేయి నా భుజం మీదుంచి, రెండో చేత్తో కన్ను నులుముకున్నాడు.

"పోయిందిరా," అన్నాడు మెల్లగా.

"ఏంది నాయినా?"

"చూపు. అవతలి ఒడ్డు కనపడ్తలేదు."

నలభై ఏళ్ళు అవతలి ఒడ్డు చూసుకోకుండా పుట్టిని నీళ్ళలోకి తోయని మనిషి. ఈ సముద్రం పేరు, దానికి అటున్న దేశాల పేర్లు అన్నీ నేను చదివినవే. ఒక్కటీ నోటికి రాలేదు.

"నాకు గూడ కనపడ్తలేదు నాయినా. ఎవ్వలకు కనపడది."

నన్ను నమ్మలేదు. వెనక్కి తిరిగాడు. "బిడ్డా, నువ్వు చెప్పు. నీకు?"

అలకు చీర సగం తడిసి నిలబడి ఉంది నా భార్య. "లేదు మామా. ఒడ్డే లేదు. అన్ని నీళ్ళే."

నాయిన చాలాసేపు అటే చూశాడు. చేయి నా భుజం మీద నుంచి తీసి కంటికి గొడుగు పట్టాడు.

"అట్లయితె నాకు మంచిగనే కనపడ్తాంది," అని, ఇంకో రెండడుగులు లోపలికి వేశాడు.