బస్టాండు గోల

నాయనమ్మ చెవుడు నాన్నకొచ్చింది, నాన్నది నాకొచ్చింది. నాన్న కొనుక్కున్న వినికిడి మిషను వారం తిరక్కుండానే బీరువాలోకి చేరింది. "అంతా గోలే. మన వంశం రాత ఇంతేనే" అన్నాడు.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. నేనూ మిషను పెట్టుకున్నాను. నాకూ గోలే వినిపించింది. వెళ్ళి చెవుల డాక్టరును నిలదీశాను. ఏళ్ళ తరబడి శబ్దాలు సరిగ్గా అందక, వాటిని విడదీసి పోల్చుకునే మెదడులోని దారులు మొద్దుబారాయన్నాడు. మిషను శబ్దాన్ని పెంచుతుందే తప్ప విడదీసి పెట్టదనీ, రోజూ వింటూ ఉంటే ఆ దారులు చాలావరకు మళ్ళీ పదునెక్కుతాయనీ చెప్పాడు.

అయితే గోల ఎక్కువున్న చోటికే పోదామనుకున్నాను. రోజూ సాయంత్రం నరసరావుపేట బస్టాండులో బెంచీ మీద కూర్చునేదాన్ని. మైకులో చెప్పే ఊరి పేరు పట్టుకోవడం, వచ్చిన బస్సు బోర్డుతో సరిచూసుకోవడం, అదే నా పని. మొదట్లో అన్నీ తప్పులే. ఏ బస్సూ ఎక్కని నన్ను చూసి జనం నవ్వుకున్నారు. నవ్వుకోనీ. ఒకరోజు హారన్ల మధ్యలోంచి "మాచర్ల" అన్న మాట విడిగా, శుభ్రంగా వినిపించింది. బోర్డు చూశాను. మాచర్లే.

మర్నాడు బీరువాలోని మిషను తీసి నాన్న చెవికి పెట్టి, ఆయన్ని అదే బెంచీ మీద కూర్చోబెట్టాను. కాసేపటికే నాన్న మొహం చిట్లించి చెవి మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"ఏందే ఈ గోల!"

ఆ చెయ్యి పట్టుకున్నాను.

"గోలే నాన్నా. ఇప్పుడు తీశావంటే చచ్చేదాకా గోలగానే ఉంటది. కూర్చో, మాచర్ల బస్సు రానీ."