గొడుగు విప్పని పుట్టగొడుగులు

ములకలపల్లి అవతలి తండాలో మంగ్లి చేతివేళ్లకు పేరు. గడ్డిని తడిమి తడి ఎంతుందో చెప్పేస్తుంది, పత్తిని తడిమి గింజ ఎలాంటిదో చెప్పేస్తుంది. ఆ వేళ్లే చివరికి ఆమె కొంప ముంచాయి.

రెండేళ్ల కిందట కొత్తగూడెంలో కంటి డాక్టరు చూసి నీటికాసులన్నాడు. చుక్కలమందు మానొద్దని, నెలనెలా రమ్మని చెప్పాడు. ఇంతలో పత్తి ఏరే రోజులొచ్చాయి, మంగ్లి వెళ్లడం మానేసింది. చూపు రెండు పక్కల నుంచీ మూసుకొచ్చి, ఈ వానాకాలానికి మంచు పట్టిన గాజుముక్కంత మిగిలింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే కోడలు సోని మంచం వాల్చి కూర్చోబెడుతుంది. మంగ్లి అత్త చూపు పోయి అలాగే పదకొండేళ్లు కూర్చుంది. ఆ ముసలామెకు కంచం అందించింది మంగ్లే. ఒక్కోసారి విసుక్కుంటూ అందించింది.

అందుకే మహిళా సంఘం పుట్టగొడుగుల షెడ్డు పెడదామంటే అందరికన్నా ముందు చెయ్యెత్తింది. ఒక్క గది, వరుసగా వేలాడే గడ్డి సంచులు, దీనికి కళ్లతో పనేముంది? మొదటి పంట బాగా వస్తే షెడ్డు తాళంచెవి ఆమెదే, లేకపోతే ఇంకొకరికి ఇస్తామన్నారు.

నేర్పడానికి వచ్చిన శ్రీధర్ పక్క తండావాడే. యాడీ అని, సొంత తల్లిని పిలిచినట్టే పిలుస్తాడు. మొదటి ఇరవై రోజులు చీకట్లో ఉంచి, మొగ్గలు పొటమరించగానే కిటికీ తెరవమన్నాడు. అలాగే తెరిచింది. ఆ రోజే పొరుగింటి జంపక్క తొంగి చూసి, ముత్యాలు పోసినట్టున్నాయని మెచ్చుకుంది. మంగ్లికి దిష్టి భయం పట్టుకుంది. సొరపిందెకు వేలు చూపిస్తేనే మురిగిపోతుందని నమ్మే మనిషి మరి! జంపక్క గడప దాటిందో లేదో కిటికీకి నల్ల పరదా బిగించింది. కింది గాలి కంతలకు పాత నల్లచీర కట్టింది. గాలి వస్తుంది, దిష్టి రాదు.

ఐదు రోజులు రోజూ తడిమి చూసుకుంది. కాడలు జానెడు సాగాయి. పుట్టల మీద లేచే అడవి పుట్టగొడుగుల్లాగా గొడుగు చివర్లో విప్పుకుంటుందిలే అనుకుంది. పంట ఏపుగా వచ్చిందని మురిసిపోయి, పిచ్చిది, చాలా నెలల తర్వాత కూనిరాగం కూడా తీసింది.

సోమవారం శ్రీధర్ సంఘం ఆడవాళ్లతో వచ్చాడు. సోని కూడా వెంట ఉంది. లోపల అడుగుపెట్టి సెల్‌ఫోన్ లైటు వేశాడు. పాలిపోయిన పొడుగు కాడలు, వాటి కొసన కందిగింజంత గొడుగులు.

"పుట్టగొడుక్కు కన్ను లేదు యాడీ," అన్నాడతను. "గనీ దాని కణాలల్ల వెలుగును పట్టే ప్రోటీన్ ఉంటది. నీలి వెలుగు తాకంగనే అది రూపు మారి జన్యువులను లేపుతది, బయట పడ్డం, గొడుగు ఇప్పుమని. వెలుగు తాకకపోతే ఆ కబురు పోదు. గట్లనే కాడ సాగుతది."

అంతటితో ఆపితే బాగుండేది. మనసులో ఏమీ పెట్టుకోకుండానే ఇంకో మాట అడిగాడు.

"లైటు లేకుంటే నాకు నా చెయ్యే కనబడ్తలేదు. ఐదు రోజులు గీ చీకట్ల నీళ్లెట్ల కొట్టినవ్?"

కన్ను లేని పుట్టగొడుక్కు చీకటి పడిందని తెలిసింది, మంగ్లికి తెలియలేదు. సోని అత్తను ఎండలోకి తీసుకొచ్చి, ముఖం పక్కన చెయ్యి ఊపింది. రెప్ప పడలేదు.

"ఎన్ని రోజుల సంది?" అంది సోని.

"నిరుడు పత్తి ఏరినప్పటి సంది," అని తల దించుకుంది మంగ్లి.

మర్నాడు దవాఖానాకు తీసుకుపోయారు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలుపుకోమన్నారు. తాళంచెవి జంపక్కకు వెళ్లింది. వద్దంటూనే తీసుకుంది, పాపం.

ఆ కాడల్ని పారేయడానికి మనసొప్పక సోని కూర వండింది. మంచం మీద కూర్చున్న అత్త చెయ్యి పట్టుకుని కంచం అంచుకు తాకించింది.

"ఇటు అన్నం, అటు కూర," అంది మెల్లగా.

పదకొండేళ్లు తన అత్తతో మంగ్లి అన్న మాటలే అవి. సోని గొంతులో విసుగు లేదు. మొదటి రోజుల్లో మంగ్లి గొంతులోనూ లేదు.