చిరిగిన చెవుల గొర్రెపిల్లల కోసం దేవరకొండకు

కిందటేడు మా బాలబడికి ఎవరో పది గుడ్డ గొర్రెపిల్లల బొమ్మలు తెచ్చిచ్చారు. సాగర్ ముంపులో ఊళ్ళు పోయిన ఆడవాళ్ళు, దర్జీల దగ్గర మిగిలిన పేలికలతో చేసినవట. పిల్లలు వాటిని చంకలోంచి దింపలేదు. అయితే పదింటికీ ఎడమ చెవి చిరిగి ఉంది. ఒక ఆదివారం కూర్చుని అన్నీ శుభ్రంగా కుట్టేశాను. ఇంకో యాభై కావాలనుకున్నప్పుడు, చెవులు సరిగా ఉంటేనే తీసుకుంటామని మా కమిటీ షరతు పెట్టింది. దేవరకొండ దగ్గరున్న ఆ ఆడవాళ్ళకు కుట్టు నేర్పడానికి నాకంటే తగినవాళ్ళు ఎవరున్నారని, సూదుల డబ్బా సంచిలో వేసుకుని నేనే బయల్దేరాను.

హైదరాబాదు గౌలిగూడలో పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా పదిన్నరకు దేవరకొండ చేరతారు. టికెట్టు మూడు రూపాయల లోపే. మాల్‌లో బస్సు ఆగినప్పుడే టీ తాగేయండి, ఆ తర్వాత దుమ్ము తప్ప ఏమీ దొరకదు. ఖిల్లా గుట్ట కనిపించిందంటే ఊరొచ్చినట్టే. అక్కడి నుంచి ముంపువాళ్ళ కాలనీ మూడు మైళ్ళు, టాంగా కిరాయి ముప్పావలా. ఎందుకొచ్చారని టాంగా ఆయన అడిగితే చెప్పాను. కొమురమ్మవ్వకు మీరు కుట్టు నేర్పుతారా అని వెనక్కి తిరిగి ఒకసారి చూసి, గుర్రాన్ని అదిలించాడు.

రేకుల కప్పు కింద ఆరుగురు ఆడవాళ్ళు పేలికలను రంగుల వారీగా వేరు చేస్తున్నారు. అరవై దాటిన కొమురమ్మ వాళ్ళకు పెద్ద. ముందు తిండి, తర్వాతే మాటలని జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెట్టింది. ఆమె కుట్టు చీమలబారులా సన్నగా ఉంది. ఇంత చేయి తిరిగిన మనిషి చెవి దగ్గర ఎందుకు అశ్రద్ధ చేసిందో నాకు అర్థం కాలేదు. కమిటీ షరతు చెప్పి, ఒక గొర్రెపిల్లను తీసుకుని చెవి కుట్టబోయాను. ఆమె నా చేయి పట్టుకుంది.

“గది చినిగింది గాదమ్మా. ముందల ఒక్క గాటుంటే మా ఇంటి గొర్రె. కొసకు రెండుంటే మా తోడికోడలిది. చెవి కుడితే, మందలు కలిసినప్పుడు ఎవరిదో ఎట్ల ఎరుకైతది?”

మంద ఎక్కడుందని అడిగాను. ఊరు మునుగుతుందని తెలిశాక, ఇక్కడ మేపడానికి జాగా లేక, అన్నీ అమ్మేశారట.

“మీకు గట్లనే గావాల్నంటే కుడతం. గీ పని పోతే మాకు బతుకుదెరువు లేదు. గని మా గుర్తు గీ బొమ్మల మీదనే మిగిలింది.”

నాకు సిగ్గేసింది. డబ్బా మూసి సంచిలో పెట్టుకున్నాను. యాభైకీ గాట్లు పెట్టమని, కమిటీకి నేను జవాబు చెప్పుకుంటానని అన్నాను. ఆమె దారిలో తినమని రెండు రొట్టెలు మూటకట్టింది.

కమిటీతో వాదన అరగంట పట్టింది, నెగ్గాను. పాత పది బొమ్మలకు నేను వేసిన కుట్లు విప్పడానికి అంతకంటే ఎక్కువసేపు పట్టింది. మంచి చేస్తున్నాననుకుంటూ, వాళ్ళకు మిగిలిన ఒక్క గుర్తునూ పదిసార్లు చెరిపాను కదా అని బాధేసింది. ఇప్పుడు మా పిల్లలు ఆట అయ్యాక చెవులు చూసి మందలుగా విడదీస్తారు. కొమురమ్మ మంద కిటికీ పక్కన ఉంటుంది. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: తిరుగు బస్సు నాలుగింటికి, తప్పితే రాత్రికి అక్కడే ఉండాలి. సూదుల డబ్బా మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్ళండి.