గీత పక్కనే కోయాలి

నా భార్య పోయి రెండు నెలలయింది. వికారాబాద్‌లో చెల్లెలి ఇంటికని పొద్దుటి రైలుకు వెళ్ళింది. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. మరదలు ఫోన్ చేసి "బావా, అక్క లేస్తలేదు" అన్నది. మా తాండూరు నుంచి వికారాబాద్‌కు ఎంతో దూరం లేదు. రైల్లో కూర్చున్నంతసేపూ ఆ ఒక్క మాటే పట్టుకుని ఉన్నాను. లేస్తలేదంటే ఇక లేవదని కాదు కదా అనుకున్నాను. స్టేషన్ రాకపోతే బాగుండుననుకున్నాను. వచ్చింది.

ఆ రైల్లో పట్టుకున్న భయం ఇంకా వదల్లేదు.

ఆమె ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు. ఉద్యోగం మానేశాక ఇంటి వెనుక రేకుల షెడ్డులో స్క్రోల్ సా పెట్టుకుంది. బల్ల మీద నిలబడే చిన్న కోత మిషన్ అది. దారమంత సన్నటి బ్లేడు కిందికీ పైకీ ఆడుతుంటే, చెక్కను రెండు చేతులా తిప్పుతూ వంపులు కోస్తారు. చిన్నపిల్లలు వేలు పెట్టి దిద్దుకోవడానికి తెలుగు అక్షరాలు కోసేది. ఆదివారాలు నలుగురైదుగురు ఆడవాళ్ళకు నేర్పేది.

నేను షెడ్డు గడప దాటేవాణ్ణి కాదు. ఆ బ్లేడు పక్కనే ఆమె వేళ్ళు ఉండేవి. చూడలేకపోయేవాణ్ణి. టీ తీసుకెళ్ళినా మిషన్ ఆగేదాకా గడప దగ్గరే నిలబడేవాణ్ణి. ఆమె నవ్వి, "భయపడుండ్రి, మంచిదే. భయపడే చెయ్యి దూరం ఉంటది" అనేది. అట్లా ఆరేళ్ళు నిలబడి, నేర్చుకోకుండానే ఆమె పాఠాలన్నీ విన్నాను.

మొదట్లో సాయం చేద్దామని ఒక పని చేశాను. మా ఊళ్ళో బండలు పాలిష్ చేసే యూనిట్లకు కొదవ లేదు. బండలు ప్యాక్ చేసే పెట్టెలు విరిగితే ఆ చెక్కలు గోడవారన పడేస్తారు. నేర్చుకునేవాళ్ళు పాడుచేసుకోవడానికి పనికొస్తాయని ఒక ఆటో నిండా తెచ్చాను. ఆ పూట ఆరు బ్లేడ్లు పోయాయి. మొదటివి రెండూ మొండిబారాయి, మిగతావి టప్పున విరిగాయి. ఆమె ఒక చెక్క మీద వేలు రుద్ది, వేలి కొసను వెలుతురులో చూసుకుంది. బూడిదరంగు పొడి. బండల పొడి చెక్క నరాల్లోకి దిగిపోయింది.

"మీరు చెక్క తేలే. బండనే తెచ్చిండ్రు" అన్నది. నేర్చుకునే ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ చెక్కలు వెనక్కి పంపడానికి ఆటో మళ్ళీ పిలిచాను.

అప్పటినుంచి ఏ చెక్క వచ్చినా ముందు వేలు రుద్ది చూడడం ఆ షెడ్డులో ఆచారమైంది. నేర్చుకునేవాళ్ళకు మామిడి చెక్క ఇచ్చేది. అర అంగుళం మందం, ముడి ఉండకూడదు. మరీ పలుచనిదైతే చేతిలోంచి ఉరుకుతుందని, మరీ మందమైతే ధైర్యం పోతుందని చెప్పేది. బ్లేడు అయిదో నంబరు. సన్నవి అందంగా కోస్తాయి గానీ కొత్త చేతిలో నిలవవు. ముందు తిన్నటి గీతలు, తరవాత అలలు, ఆ తరవాతే గుండ్రాలు. "నూకొద్దు. బ్లేడు ఎంత తింటె అంతే పెట్టాలె" అనేది. "గీత మీద కొయ్యొద్దు, పక్కపొంటి కొయ్యిండ్రి. గీత పోతె తొవ్వ పోయినట్టే."

కోట్‌పల్లి దగ్గర ఒక అంగన్‌వాడీ టీచరు ఈమె దగ్గరే నేర్చుకుంది. ఆ పిల్లలకని ఈమె అక్షరాలన్నీ కోసింది, మూడు తప్ప. హ, ళ, క్ష. ఒకే చెక్క మీద పెన్సిలుతో గీసి పెట్టి, వికారాబాద్ వెళ్ళింది.

పదిహేను రోజుల కర్మ అయ్యాక ఆ టీచరు ఫోన్ చేసింది. "ఉన్నకాడికే ఇయ్యిండ్రి సార్, తక్కువైనయి అట్టతోని చేసుకుంట" అన్నది. నేనే కోసి ఇస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు. ఆమె చేతి గీత ఇక ఆ ఒక్క చెక్క మీదే ఉంది. పాడైతే ఇంకొకటి లేదు.

మరునాడు గడప దాటాను. మామిడి ముక్క తీసి, వేలు రుద్ది, అయిదో నంబరు బ్లేడు బిగించాను. స్విచ్ వేయగానే చెక్క ఎగిరి బల్లమీద దబదబా కొట్టుకుంది. ఆపి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. బ్లేడును తలకిందులు పెట్టానని అప్పుడు తెలిసింది. పళ్ళు కిందికి చూడాలి. వేలిని కింది నుంచి పైకి పోనిస్తే పళ్ళకు తగులుకోవాలని ఆమె చెప్పగా ఎన్నోసార్లు విన్నాను. కానీ గడప దగ్గరి నుంచి పళ్ళు కనపడవు.

రోజూ పొద్దున ఒక గంట కోశాను. బ్లేడ్లు విరిగాయి. విరిగిన ప్రతిసారీ ఆమెను అడగబోయి నోరు మూసుకున్నాను. మూడు వారాలకు గుండ్రం గుండ్రంగా వచ్చింది. ఆ తరవాత కూడా నాలుగు రోజులు ఆమె చెక్కను ముట్టలేదు.

చివరికి కోశాను. హ వచ్చింది. ళ వచ్చింది. క్ష దగ్గర, కింది వంపులో చెయ్యి తడబడి బ్లేడు గీతలోకి పోయింది. బియ్యపు గింజంత మేర గీత లేదు. అక్కడే ఆపి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పక్కకు వచ్చాను.

ఆమె అయితే చివరికి ఉప్పుకాగితంతో రుద్ది గీతంతా చెరిపేది. నేను అంచులూ వెనుకవైపూ నున్నగా రుద్దాను. పైభాగం ముట్టలేకపోయాను.

మొన్న ఆదివారం టీచరు వచ్చింది. అక్షరాలు సంచిలో పెట్టుకుంటూ, అలవాటు కొద్దీ ళ మీద చూపుడు వేలు రుద్ది వెలుతురులో చూసుకుంది. బండ పొడి కాదు. నల్లగా, సన్నగా, పెన్సిలు మరక.

"మేడం గీతనా సార్?" అన్నది.

అవునన్నాను.

బస్టాండు దాకా వెళ్ళాను. కోట్‌పల్లి బస్సు ఎక్కేటప్పుడు టీచరు ఒక చేత్తో సంచీని గుండెకు ఆనించుకుంది. రెండో చేత్తో కడ్డీ పట్టుకుంది. చూపుడు వేలు మాత్రం దేనికీ తగలనీయకుండా ఎత్తి పెట్టింది.