మామిడిపెట్టె చెక్కలూ, నాన్న బొమ్మలూ

కిందటి నెలలో మా వీధి చివర కొత్తగా లేచిన అపార్ట్‌మెంటులో ఒక గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. వ్రతం అయిపోయి, భోజనాల పిలుపు కోసం అందరం హాల్లో కూర్చుని ఉండగా ఎదురుగా గోడమీద ఒక బొమ్మ కనబడింది. ఏవో ఆకులు, వాటి మధ్య ఒక పిట్ట. దానికి అద్దమూ లేదు, ఫ్రేమూ లేదు. పైన రెండు సన్నని చెక్కబద్దలు, కింద రెండు, వాటి మధ్య ఇరికించిన కాగితం అంచులు, పైబద్దకి కట్టిన తాడు, ఆ తాడుకి ఆధారంగా ఒక మేకు, అంతే. నేను లేచి వెళ్లి కిందిబద్దని వేలితో తడిమి చూస్తుంటే ఇంటి కోడలు వెనకే వచ్చి, "ఆన్‌లైన్‌లో తెప్పించామండీ, లోపల అయస్కాంతం ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు బొమ్మ మార్చేసుకోవచ్చు" అని సంతోషంగా చెప్పింది. చాలా బాగుందమ్మా అన్నాను. అలాంటి బద్దల మూలంగానే మా అమ్మా నాన్నా దాదాపు ఒక ఏడాది సరిగ్గా మాట్లాడుకోలేదని గృహప్రవేశంలో చెప్పలేం కదా.

మా నాన్న మైలవరంలో డ్రాయింగు మాస్టారు. ఆయన పుట్టి పెరిగింది చల్లపల్లి దగ్గర, కాలవలూ వరిచేలూ తప్ప మరొకటి కనబడని పల్లపు నేల మీద. ఉద్యోగం వచ్చింది మామిడితోటలూ మెట్టచేలూ ఉన్న మెరకలో. ఆ బెంగ ఆయన ఎప్పుడూ నోటితో చెప్పలేదు గాని, ఆదివారం వచ్చిందంటే వసారాలో పలక ఒళ్లో పెట్టుకుని నీటిరంగులతో కాలవగట్లూ, లాకులూ, పడవలూ, నాట్లు వేసే ఆడవాళ్లూ, ఇవే వేసేవారు. వేసినది ఆరేదాకా మంచం మీద పరిచి ఉంచి, ఆ తరవాత గొట్టంలా చుట్టి, దారం కట్టి, వెనకగదిలో ట్రంకుపెట్టెలో దాచేవారు. గోడకి పెట్టరేమని ఎవరైనా అడిగితే టేకు ఫ్రేము, పైన అద్దం, వెనక అట్ట ఉంటేనే బొమ్మకి మర్యాద, అద్దం లేకపోతే రంగు నిలవదు అనేవారు. బడిపంతులు జీతంలో టేకూ అద్దమూ వచ్చే నెలకి, ఆ పై నెలకి జరుగుతూనే ఉండేవి. కాబట్టి మా ఇంట్లో గోడల మీద కిరాణాకొట్టు వాళ్లిచ్చిన కేలెండరు తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ బొమ్మల్ని మా అమ్మ చూసింది కూడా ఒక్కొక్కసారే, తడి ఆరే ఆ కాసేపు.

నాకు డిగ్రీ అయ్యాక విజయవాడలో ఒక ఆఫీసులో టైపిస్టుగా ఉద్యోగం దొరికింది. గుణదలలో, మేరీమాత కొండకి వెళ్లే దారికి కాస్త ఇవతల, ఒక ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. ఇంటి యజమానురాలు క్రైస్తవురాలు, ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేసిన మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. గదికి కొత్తగా సున్నం కొట్టించి ఇచ్చింది. ఆ తెల్లటి గోడలకేసి చూస్తూ పడుకుంటే ఆస్పత్రి వార్డులో ఉన్నట్టే ఉంది, నాన్నగారి బొమ్మ ఒకటి ఉంటే బాగుండునని ఇంటికి వెళ్లినప్పుడు అమ్మతో అన్నాను. నాన్నని అడిగితే అద్దం కట్టించాక ఇస్తానన్నారు.

ఆ తరవాత ఒకసారి నన్ను చూడటానికి వస్తూ అమ్మ ట్రంకుపెట్టెలోంచి ఒక బొమ్మ తీసి చీరల మధ్య పెట్టుకుని వచ్చింది. దాంతోపాటు సంచీలో కొన్ని చెక్కముక్కలు. మా ఊళ్లో మామిడికాయలు ఎగుమతి చేసే పెట్టెలకి వాడే నాసిరకం చెక్క అది. విరిగిన పెట్టెలు తోటల దగ్గర పొయ్యిలోకి ఏరుకునేవాళ్లు. బళ్లో దేశపటానికి పైనా కిందా కర్రలుంటాయి కదా, బొమ్మకి అలా ఎందుకు ఉండకూడదు అన్నది అమ్మ ఆలోచన. ఇంటివాళ్ల దగ్గర చిన్న రంపం అడిగి తెచ్చి, చెక్కని వేలెడు వెడల్పున బద్దలుగా కోసి, గరుకు కాగితంతో రుద్దింది. మొదట కొట్టిన మేకుకే బద్ద నిలువునా చీలిపోయింది. రెండోదీ అంతే. అప్పుడు ఇనపచువ్వ పొయ్యిలో ఎర్రగా కాల్చి, దాంతో ముందు చిల్లులు పెట్టి, మేకులు బొమ్మకి తగలకుండా బద్దల రెండు చివర్లా మాత్రమే దిగేటట్టు కొట్టింది. బొమ్మ అంచు రెండు బద్దల పట్టులో ఊరికే నిలిచింది. జిగురు లేదు, కాగితానికి చిన్న గాటు కూడా లేదు. కిందిబద్దల బరువుకి, అన్నాళ్లు చుట్టచుట్టుకుని ఉన్న కాగితం నెమ్మదిగా సాగి నిలువుగా నిలబడింది. గోడమీద కాలవ వచ్చింది.

ఇంటావిడ గుమ్మంలో నిలబడి, "అబ్బ, ఎంత బాగుందండీ వదినగారూ" అని చాలాసేపు చూసింది.

అమ్మ ఉండగానే, నాకు బియ్యం తీసుకుని నాన్న వచ్చారు. మూట దించి, చెమట తుడుచుకుని, తలెత్తి చూశారు.

"ఏమిటిది?"

"మీ బొమ్మేనండీ" అంది అమ్మ.

"నా బొమ్మని తీసుకొచ్చి మామిడికాయల పెట్టెకి కొట్టావా? దీనికీ కేలెండరుకీ తేడా తెలీదూ నీకు?"

అమ్మ ఎప్పుడూ ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు మాత్రం కూర్చున్న చోటునుంచి లేవకుండానే, "కేలెండరునైతే ఏడాది పొడుగునా చూస్తారండీ. మీ బొమ్మల్ని ఎవరు చూశారు?" అంది.

నాన్న బొమ్మ దించి, పెన్సిళ్లు చెక్కుకునే చాకుతో మేకులు ఒక్కొక్కటే పైకి లేపి, కాగితాన్ని జాగ్రత్తగా చుట్టుకుని, కలిపిన కాఫీ తాగకుండా బస్‌స్టాండుకి వెళ్లిపోయారు. ఆయన కోపం అరిచే కోపం కాదు. అరిచి ఉంటే రెండు రోజుల్లో తేలిపోయేది.

అమ్మ ఆ బద్దల్ని పొయ్యిలో పెట్టబోతుంటే ఇంటావిడే ఆపింది. వాళ్లమ్మ ఎప్పుడో కొండ దగ్గర తిరనాళ్లలో కొన్న మేరీమాత బొమ్మ ఒకటి వాళ్ల ముందుగదిలో ఉండేది. నాలుగు మూలలా మేకులు కొట్టడంతో మూలలన్నీ చిరిగిపోయాయి. "దానికి కట్టి పెట్టండి వదినగారూ, అద్దం కట్టిద్దామంటే వల్ల కావడంలేదు" అంది. చిరిగిన మూలలు బద్దల మధ్యకి వెళ్లిపోయేసరికి బొమ్మ కొత్తదానిలా అయింది. నుదుట అంత బొట్టు పెట్టుకున్న మా అమ్మ ఆ మేరీమాతని గోడకి తగిలించి, వంకర ఉందేమోనని వెనక్కి జరిగి చూసుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది.

ఇంటావిడ చుట్టాలూ, పక్కింటివాళ్లూ చూసి మాకూ కావాలన్నారు. మేరీమాత తిరనాళ్లకి వచ్చిన జనం కొండ దిగువన కాగితం బొమ్మలు కొనుక్కుని, నలిగిపోకుండా ఇంటికి ఎలా చేర్చాలా అని చూసేవారు. ఇంటావిడ తన గేటు పక్కనే చాప పరిచి అమ్మని కూర్చోబెట్టింది. బద్దలు బిగించి, బొమ్మని చుట్టి చేతికిస్తే ఎంత దూరపు బస్సైనా ఎక్కొచ్చు. పగిలే అద్దం లేదు, మోసే బరువు లేదు. లేనివాళ్లు కొనుక్కోగలిగిన వస్తువు అది. అమ్మ జీవితంలో మొదటిసారి తన చేతిపని కోసం మనుషులు ఆగి నిలబడటం చూసింది. తిరనాళ్లయ్యాక కూడా మైలవరానికీ గుణదలకీ మధ్య తిరుగుతూనే ఉంది.

ఇంట్లో మాత్రం వాళ్లిద్దరి మధ్య అన్నం వడ్డించనా, మందు వేసుకున్నారా అనే మాటలే నడిచేవి. నాన్న బొమ్మలు వేయడం మానేశారు. నేను వెళ్లినప్పుడు పేపరు చదువుతున్నట్టే ఉండి, ఉన్నట్టుండి, "మేకు కొట్టేముందు చిల్లి పెడుతోందా మీ అమ్మ? లేకపోతే ఆ చెక్క పగుల్తుంది" అనేవారు. ఆ మాట వంటింట్లోకి చేరవేస్తే, "పెడుతున్నానని చెప్పు" అనేది అమ్మ. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. మాట మాత్రం నన్ను చుట్టి వెళ్లేది.

ఆ ఏడు కార్తీకంలో తుపాను పట్టింది. వాన తెరిపిచ్చాక, బస్సులు నడవగానే నేను ఇంటికి వెళ్లాను. వెనకగది పెంకులు జారి, కింద ఉన్న ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగాయన్న సంగతి అప్పటిదాకా ఎవరూ చూసుకోలేదు. నేను వెళ్లేసరికి నాన్న ఆ పెట్టె ముందు నేలమీద కూర్చుని ఉన్నారు. మూత తెరిచి ఉంది. చుట్టలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉబ్బిపోయి, పెట్టె అడుగున నీలమూ ఆకుపచ్చా కలిసిన నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆయన చేయి పెట్టలేదు. చేయి పెడితే చిరుగుతాయని భయమో, చూడలేకో.

అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఏడాదిలో మొదటిసారి ఆయనకేసి తిన్నగా చూసి మాట్లాడింది.

"ఇలాగే ఆరితే అట్టకట్టేస్తాయండీ. విప్పి వేలాడదీయాలి."

"దేనికి వేలాడదీస్తావు?" అన్నారాయన.

అమ్మ మంచం కిందినుంచి బద్దల కట్ట లాగింది. గుణదల తీసుకెళ్లడానికి కోసి ఉంచుకున్నవి. నాన్న ఆ కట్టకేసి కాసేపు చూసి, తనే ముడి విప్పారు.

ఆ పగలంతా ముగ్గురం అదే పని. అమ్మ తడికాగితాల పొరలు విడదీసేది, నాన్న అంచు పట్టుకునేవారు, నేను బద్దలు బిగించి తాడు కట్టేదాన్ని. చిరిగిపోయినవాటిని ఆయన ఒక పక్కన పెట్టారు. అవే ఎక్కువ. మిగిలినవాటిని వసారాలో, నడవలో, పడకగదిలో దండేలు కట్టి వేలాడదీశాం. పొద్దు వాలేవేళకి ఇల్లంతా కాలవలే, మరకలు పడ్డవీ, ఆకాశం నీళ్లలోకి కారిపోయినవీ.

వాన సంగతి అడగడానికి వచ్చిన ఎదురింటాయన గుమ్మంలోనే ఆగిపోయారు. నేను పుట్టినప్పటినుంచీ ఆయన ఆ ఎదురింట్లోనే ఉన్నారు. "ఇవన్నీ ఎవరు వేశారు మాస్టారూ?" అన్నారు. "ఆయనేనండీ" అంది అమ్మ. నాన్న పెరట్లోకి వెళ్లి, మొహం కడుక్కుని చాలాసేపటికి వచ్చారు. వచ్చాక, నడవలో వంకరగా వేలాడుతున్న ఒక దాని తాడు సరిచేసి, "ఈ బద్దలు మరీ తెల్లగా ఉన్నాయి, టీ డికాషన్ పూస్తే బొమ్మని మింగకుండా ఉంటాయి" అన్నారు. అమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

ఆ తరవాత బద్దలకి చిత్రిక పట్టడం ఆయన పని అయింది. అంచులు గుండ్రం చేసి, డికాషన్ పూసి, ఆరాక అవిసెనూనెతో తుడిచేవారు. గుణదల ఇంటావిడ ముందుగదిలో మేరీమాత పక్కన ఆయన వేసిన కాలవ ఒకటి చేరింది. ఊళ్లో అడిగినవాళ్లకల్లా ఇచ్చేశారు. మా ఇంట్లో ఉన్నవి గోడల మీదే ఉండిపోయాయి.

అయితే నాన్న చెప్పినదీ నిజమే. అద్దం లేని బొమ్మని వెలుతురూ, దుమ్మూ, చెమ్మా తినేస్తాయి. ముందు ఆకుపచ్చ పోయింది, తరవాత నీలం, చివరికి గోధుమరంగు చారలు మిగిలాయి. "నేను చెప్పలేదూ?" అనేవారాయన. "చెప్పారు" అని ఒప్పుకునేది అమ్మ. అందులో కోపం ఇటూ లేదు, అటూ లేదు.

ఆయన ఆఖరి రోజుల్లో చూపు కూడా బాగా తగ్గింది. ఒక సాయంత్రం నాట్ల బొమ్మ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, "ఆ మూల ఎర్రచీర ఆవిడ ఉండాలి, నాకు కనబడటంలేదు" అన్నారు. అమ్మ వచ్చి, ఆయన భుజం మీద చేయి వేసి, ఆ మూలకేసి నిదానంగా చూసింది. "ఉందండీ. వంగి నాటు వేస్తోంది" అంది. నేను వాళ్ల వెనకే నిలబడి ఉన్నాను. అక్కడ కాగితం తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు అచ్చువేసే రంగులు వెలిసిపోవంటారు. పోనీ వెలిసినా మనకి తెలియదు, అంతకుముందే విసుగు పుట్టి మార్చేస్తాం. అందులో తప్పేముంది, మారుస్తూ ఉంటేనే ఇల్లు కళగా ఉంటుందని మా వయసువాళ్లే అంటుంటే నేనూ తల ఊపుతుంటాను. ఆ కళ నాకూ ఇష్టమే. కాకపోతే, ఒకే బొమ్మ ముందు ఇద్దరు మనుషులు పోట్లాడుకుని, రాజీపడి, ముసలివాళ్లయ్యేటంత కాలం ఇప్పటి గోడల మీద ఏదీ ఉండటంలేదు.